డెబ్బైల ఆల్బములు - సంతకం ఎవరిది?

ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని సంపాదకులు కోరినప్పుడు నేను పెన్షను గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో వ్రాస్తాననుకొని ఉంటారు. ఆ రెండింటి మీద మన పత్రికలో నాకంటె బాగా వ్రాసేవారున్నారు. అందుచేత కొంత విడ్డూరంగా తోచినా, నాకు యాభై ఏళ్ళుగా ఇష్టమైన విషయం ఎత్తుకుంటున్నాను. 1970-80 మధ్య అమెరికా, ఇంగ్లండులలో వెలువడిన సోల్, రాక్ సంగీతపు ఆల్బములను పోల్చి చూడటమే ఈ వ్యాసం.

నేను 1950లో పుట్టాను. 1972లో ఎల్.డి.సి.గా ఉద్యోగంలో చేరి, హైదరాబాదులో ఒక మిత్రునితో కలిసి గది అద్దెకు తీసుకున్నాను. అతని బావగారు అమెరికా నుంచి వస్తూ ఒక రికార్డు ప్లేయరు, కొన్ని ఎల్.పి. రికార్డులు తెచ్చారు. వాటిలో 1973 నాటివి రెండు మాకు ప్రాణం. ఒకటి పింక్ ఫ్లాయిడ్ వారి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', రెండవది స్టీవీ వండర్ 'ఇన్నర్‌విజన్స్'. పాటల మాటలు సగం అర్థమయ్యేవి కావు. సర్వీసు కమిషను పరీక్షకు చదివిన ఇంగ్లీషు అందుకు చాలలేదు. అయితే ఫైలు చేతికి రాగానే కింద సంతకం ఎవరిదని చూడటం మన వృత్తి ధర్మం కదా! అట్ట మీది వివరాలు చదివాను. 'ఇన్నర్‌విజన్స్'లో పాట రచన, గానం, పియానో, డ్రమ్ములు, కొన్ని పాటల్లో మొత్తం వాద్యాలూ ఒక్కడివే. అతను పసితనం నుంచి చూపు లేనివాడు. నాకు సరిగ్గా ఈడువాడు.

సోల్, రాక్ రెండూ ఒక తల్లి బిడ్డలే. అమెరికాలోని నల్లజాతివారి బ్లూస్ పాటలే రెండింటికీ మూలం. సోల్‌లో దానికి చర్చి గానం తోడైంది, రాక్‌లో విద్యుత్ గిటారు మోత తోడైంది. కాని 1970 నాటికి ఈ అన్నదమ్ములిద్దరి సర్వీసు నిబంధనలు ఒకటి కావు.

రాక్ వారి సంగతి చూడండి. లెడ్ జెప్లిన్ బృందం 1968లో అట్లాంటిక్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నప్పుడు గాయకుడికి ఇరవై ఏళ్ళు. అయినా ఏ పాటలు వేయాలో, అట్ట మీద ఏ బొమ్మ ఉండాలో వారి ఇష్టానికే వదిలిపెట్టారు. 1971 నవంబరులో వచ్చిన వారి నాలుగవ ఆల్బము అట్ట మీద బృందం పేరూ లేదు, ఆల్బము పేరూ లేదు. పేరు లేకుండా అమ్మే ధైర్యం వారిది, ఆపలేని స్థితి కంపెనీది. రోలింగ్ స్టోన్స్ 1970లో పాత కంపెనీతో గడువు ముగియగానే సొంత లేబుల్ పెట్టుకొని, 1971లో 'స్టికీ ఫింగర్స్' విడుదల చేశారు.

సోల్ వారికి ఈ స్వేచ్ఛ సులువుగా దొరకలేదు. డెట్రాయిట్‌లో 1959లో మోటౌన్ కంపెనీని స్థాపించిన బెరీ గోర్డీ అంతకుముందు కార్ల కర్మాగారంలో పనిచేసినవాడు. కుటుంబం దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకొని మొదలుపెట్టాడు. కార్లు తయారైనట్లే పాటలూ తయారు కావాలన్నది ఆయన పద్ధతి. వ్రాసేవారు వేరు, వాయించేవారు వేరు, పాడేవారు వేరు. చివరకు నాణ్యత పరిశీలన సమావేశంలో నెగ్గిన పాటే బయటికి వెళ్ళేది. ఈ పద్ధతిని నేను తక్కువ చేయను. దాని నుంచి వచ్చిన మంచి పాటలు అనేకం. కాని గాయకుడు అక్కడ ఒక సీటు మాత్రమే. ఫైలు అతనిది కాదు.

ఈ కట్టును మొదట గట్టిగా కదిపినవాడు మార్విన్ గే. అతని తమ్ముడు వియత్నాం యుద్ధంలో పనిచేసి తిరిగి వచ్చాడు. ఆ కడుపుకోతలన్నీ చూసి 1970లో 'వాట్స్ గోయింగ్ ఆన్' పాట రికార్డు చేశాడు. ఇది నడవదని గోర్డీ అభిప్రాయం. ఇది వేయకపోతే మరొకటి పాడనని గే పట్టుపట్టాడు. 1971 జనవరిలో పాట వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. మే నెలలో అదే పేరుతో ఆల్బము వచ్చింది. అందులోని తొమ్మిది పాటల్లో చాలావరకు ఒకదానిలోకి ఒకటి ఒదిగిపోతాయి. యుద్ధం, పేదరికం, గాలీ నీరూ పాడైపోవటం, దైవం అన్నీ అందులో ఉన్నాయి. మరో సంగతి నాకు అంతకంటె ముఖ్యం. మోటౌన్ పాటలకు ఏళ్ళ తరబడి వాయించిన ఫంక్ బ్రదర్స్ వాద్యకారుల పేర్లు ఆ కంపెనీ ఆల్బము మీద అచ్చు కావటం అదే మొదలు. బాస్ గిటారు వాయించిన జేమ్స్ జేమర్‌సన్ వంటి మహా విద్వాంసుడు అంతవరకు అనామకుడే.

స్టీవీ వండర్ పదకొండవ ఏట మోటౌన్‌లో చేరాడు. 1971 మే 13న ఇరవై ఒకటి నిండగానే పాత ఒప్పందానికి కాలం చెల్లింది. వెంటనే సంతకం చేయలేదు. న్యూయార్కులో జిమీ హెండ్రిక్స్ కట్టించిన స్టూడియోకు వెళ్ళి, ఇద్దరు ఇంజనీర్లు అమర్చిన పెద్ద సింథసైజరుతో తన ఖర్చు మీద పాటలు చేసుకున్నాడు. చూశారా, రాక్ వాడి ఇంట్లో సోల్ వాడి స్వాతంత్ర్యం! తన సంగీతం మీద తనకే హక్కు ఉండాలన్న షరతులు ఒప్పించుకొన్న తర్వాతే మళ్ళీ మోటౌన్‌తో కలిశాడు. 1972లో రెండు, 1973లో ఒకటి, 1974లో ఒకటి, 1976లో 'సాంగ్స్ ఇన్ ది కీ ఆఫ్ లైఫ్'. ఈ అయిదింటిలో చివరి మూడింటికీ గ్రామీ వారి ఉత్తమ ఆల్బము బహుమతి వచ్చింది. మధ్యలో 1976లో ఆ బహుమతి అందుకున్న పాల్ సైమన్, ఆ ఏడాది ఆల్బము చేయనందుకు స్టీవీకి వేదిక మీదే కృతజ్ఞత చెప్పాడు.

ఇక నా పోలిక. 'డార్క్ సైడ్' కాలం, డబ్బు, మతిభ్రమ, మృత్యువు గురించి చెబుతుంది. ధ్వనిని అంత శ్రద్ధగా చెక్కినవారు అరుదు. 1988 దాకా అమెరికా జాబితాలో మొత్తం 741 వారాలు నిలిచింది. 'ఇన్నర్‌విజన్స్' వీధిలోకి వస్తుంది. మిసిసిపీ నుంచి నగరానికి బతుకుతెరువుకు వచ్చిన కుర్రవాణ్ణి పోలీసులు పట్టుకుపోయే ఏడు నిమిషాల పాట అందులో ఉంది. ఒకటి మనిషి లోపలి చీకటి, ఒకటి బయటి చీకటి. నా ఓటు రెండవదానికే. గెలిచి తెచ్చుకున్న హక్కును అతను ఎవరి కోసం వాడాడో అందులో వినిపిస్తుంది.

అయితే హక్కు పొందినవారందరూ ఇతరుల హక్కు తలచలేదు. 'డార్క్ సైడ్'లో మాటలు లేకుండా గొంతుతోనే గుండె పిండేసిన క్లేర్ టోరీకి 1973లో ముట్టినది 30 పౌండ్లు. ఆమె 2004లో దావా వేశారు. 2005లో రాజీ కుదిరిన తర్వాతే ఆ పాట కర్తలలో ఆమె పేరు చేరింది.

ఈ సంగతి నేను పదవీ విరమణ తర్వాత చదివాను. చదివిన రోజు నిద్ర పట్టలేదు. 1986లో నేను పనిచేసిన ఒక కార్యాలయానికి మూడు నెలలు కూర్చొని నిబంధనల సంకలనం తయారుచేశాను. పై అధికారి పేరుతో అచ్చయింది. ఆ మాట ఇంట్లో చాలా ఏళ్ళు చెప్పుకొని బాధపడ్డాను. కాని నా గిలుకు వ్రాత చదివి, తప్పులు తానే దిద్ది, రాత్రి ఏడింటిదాకా స్టెన్సిళ్ళు కొట్టిన టైపిస్టు గారి మాట నేనెక్కడా చెప్పలేదు. నా నోటులో ఒక వాక్యం వ్రాసి ఉండవచ్చు. తోచలేదు. ఆమె ఇప్పుడెక్కడున్నారో తెలియదు.

కనుక సంపాదకులకు ఒక విన్నపం. ఈ సంచిక చివరి పేజీలో కంపోజింగు చేసినవారి పేరు, ప్రూఫులు దిద్దినవారి పేరు దయచేసి వేయండి. చోటు చాలకపోతే నా వ్యాసంలో నాలుగు పంక్తులు తీసివేయండి.