వీడియో మీటింగు పెట్టేవారికి, చేరేవారికి: తల్లిదండ్రులు, విద్యార్థులు తెలుసుకోవలసిన సంగతులు

2020 మార్చిలో బడులు మూతపడ్డాక మనమంతా కిందా మీదా పడి వీడియో మీటింగు నేర్చుకున్నాం. బడులు తెరిచినా అది పోలేదు. వానకు సెలవు ఇచ్చిన రోజు పదో తరగతి పాఠం, తల్లిదండ్రుల సమావేశం, వేరే వేరే ఊళ్లలో ఉన్న తెలుగు టీచర్ల మాటామంతీ ఈరోజుకీ ఫోన్లోనే జరుగుతున్నాయి. కాబట్టి దాన్ని సరిగ్గా చేయడం ఎలాగో ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. ఆ ఏడాది నేను పెట్టిన మొదటి తల్లిదండ్రుల మీటింగు సాయంత్రం ఆరు గంటలకు. అది పాలు పితికే వేళ అని నాకు తట్టనే లేదు. చేరినవాళ్లలో సగం మంది మైకులు తెరిచే ఉన్నాయి. ఒక ఇంట్లో టీవీ, ఇంకో ఇంట్లో కుక్కర్ విజిల్. హాజరు తీసుకోవడానికే ఇరవై నిమిషాలు పోయింది. చివర్లో ఒక తల్లి, "సార్, మా వాడు పదిలో తెలుగు పేపరు రాయొచ్చా, రాయకూడదా?" అని అడిగింది. జవాబు మొదలుపెట్టానో లేదో, ఉచిత ఖాతా గడువు అయిపోయి మీటింగు ఆగిపోయింది. ఆమె అడిగిన ఆ ఒక్క మాట కోసమే చాలామంది చేరారు.

ఆ ప్రశ్న మన బడులకు చిన్నది కాదు. 2006 తమిళ అభ్యసన చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచి ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. పదో తరగతి పరీక్షలో భాషా మైనారిటీ పిల్లల సంగతి కోర్టుల దాకా వెళ్లింది. ఇలాంటి విషయంలో సగం విన్న మాట చాలా చెడ్డది. సగం విన్నవాళ్లు పక్కింటివాళ్లకు ఇంకో రకంగా చెప్తారు, వచ్చే జూన్‌లో పిల్లవాణ్ణి వేరే మీడియానికి మారుస్తారు. అందుకే మీటింగుకు ఒక్కటే విషయం పెట్టుకోవాలి, ముఖ్యమైన మాట మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయాలి. హాజరు తరవాత చూసుకోవచ్చు, చేరినవాళ్ల పేర్లు తెర మీద ఎలాగూ కనిపిస్తాయి.

గడువుల లెక్క ఇది. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలు, 100 మంది. గూగుల్ మీట్‌లో ముగ్గురు అంతకన్నా ఎక్కువ ఉంటే 60 నిమిషాలు, అక్కడా 100 మందే. వాట్సాప్ గ్రూపు కాల్‌లో 32 మంది దాకా చేరవచ్చు, ఒక తరగతి తల్లిదండ్రులకు అదే సులువు. కంపెనీలు వీటిని మారుస్తుంటాయి, పెట్టేముందు ఒకసారి చూసుకోండి. ఎలా చూసినా అరగంటలో ముగించేలా పెట్టుకుంటే మేలు.

వేళ కుదర్చడమే అసలు కష్టం. హోసూరు సిప్‌కాట్‌లో షిఫ్టు చేసే తండ్రి, రోజూ అత్తిబెలె దాటి బెంగళూరు వెళ్లివచ్చే తల్లి, తళి వైపు తోటల్లో చీకటితోనే పూలు కోసేవాళ్లు, వీళ్లందరికీ ఒకే గంట కుదరదు. మాకు రాత్రి ఏడున్నర కొంత మేలనిపించింది. షిఫ్టులో ఉన్నవాళ్ల కోసం అదే మాట రెండు నిమిషాల ఆడియోగా గ్రూపులో పెడుతున్నాం. తమిళంలో వచ్చిన సర్క్యులర్ ఉంటే దాని ఫోటో, కింద తెలుగులో నాలుగు వాక్యాలు ముందురోజే పంపుతాం. చదివి వచ్చినవాళ్లు మంచి ప్రశ్నలు అడుగుతారు.

సిగ్నల్ సంగతి. కొండపక్క ఊళ్లలో బొమ్మ ఆగిపోతుంటే కెమెరా ఆపేయండి, మాట నిలుస్తుంది, డేటా కూడా చాలా మిగులుతుంది. కెమెరా ఆపినందుకు ఏ టీచరూ పిల్లలను తిట్టకూడదు. ఒక్క గదిలో ఐదుగురు ఉండే ఇల్లు అందరికీ చూపించాలని ఏ బిడ్డకూ ఉండదు. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లకు మామూలు ఫోన్లోనే కాన్ఫరెన్స్ కాల్‌లో నలుగురైదుగురిని కలపవచ్చు. ఆ పని ఒక టీచరుకు అప్పజెప్తే ఎవరూ మిగిలిపోరు.

పిల్లలూ, మీకు రెండు మాటలు. మాట్లాడనప్పుడు మ్యూట్‌లో ఉండండి. టీచరు గారివో, తోటివాళ్లవో స్క్రీన్‌షాట్లు తీసి ఎక్కడా పెట్టకండి. లింకు బయటివాళ్లకు పంపకండి, మీ పేరు, తరగతి కనబడేలా పెట్టుకుంటేనే లోపలికి అనుమతిస్తాం. గంటల లెక్కకు కొలత కావాలంటే, 2020 జూలైలో కేంద్రం ఇచ్చిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాలు ఉన్నాయి. ఒకటి నుంచి ఎనిమిది దాకా రోజుకు రెండు పాఠాలు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు, ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలు, అంతకు మించకూడదన్నారు. ఇంట్లో ఒకటే ఫోను, ఇద్దరు పిల్లలు ఉంటే మాకు చెప్పండి, తరగతుల వేళలు మారుస్తాం.

టీచర్ల మీటింగుల వల్ల మనకు ఇంకో లాభం ఉంది. తెలుగు మీడియంలో ఒక బడికి లెక్కలకో సైన్సుకో ఒక్కరే ఉంటారు, సందేహం వస్తే పక్క గదిలో అడిగేవాళ్లు లేరు. కృష్ణగిరి వైపు ఒకరు, బాగలూరులో ఒకరు, వేపనపల్లిలో ఒకరు ఉన్నా అరగంటలో కలుస్తారు. పాఠ్యపుస్తకం పేజీ నంబరు ముందే పంపుకోవాలి, ఎవరు ఏ ప్రశ్నపత్రం తయారు చేస్తారో ఒకరు రాసుకోవాలి. అది రాయని మీటింగు తరవాత ఒకే పేపరును ఇద్దరు తయారు చేసి, ఇంకోదాన్ని అందరూ మరిచిపోయిన సంగతి మాకు అనుభవమే.

మీటింగులో చేరలేని తల్లిదండ్రులు తమ ప్రశ్నను చిన్న కాగితం మీద రాసి పిల్లల చేత ముందురోజు బడికి పంపండి. పేరు రాయకపోయినా పరవాలేదు, తరగతి రాయండి. ఆ కాగితాలు చదివిన తరవాతే మీటింగు మొదలుపెడతాం.