ఏతము, మోట, పంపు

విశాఖపట్టణమున 1933లో ఓడరేవు తెఱవబడుటకును, పిదప ఉక్కు కర్మాగారము వెలయుటకును ఎంతయో పూర్వమే, ఆ మండలపు రైతులు యంత్రశాస్త్రమును నూతిగట్టులమీద అభ్యసించియుండిరి. వారికి గురువు నీటి బరువే. ఎకరము నేలపై అంగుళము లోతున నీరు నిలుపవలెనన్నచో 100 టన్నులకు మించిన జలమును తోడవలెనని నేడు లెక్కవేసి చెప్పుచున్నాము గాని, ఆ లెక్క వారి భుజములకు ముందే తెలియును.

ఏతమునే చూడుడు. నిలువుగుంజపై ఊగు దూలమునకు ఒక కొసను గడయు బానయు వ్రేలాడును. ఉత్తరాంధ్రమున పెక్కుచోట్ల రెండవ కొసకు రాయి గట్టుటకు మాఱుగా మనుష్యుడే దూలముపై ముందువెనుకలకు నడచుచుండెను. ఇరుసునుండి అతడు దూరము జరిగినకొలది అతని దేహభారపు ప్రభావము హెచ్చును. ఆర్కిమిడీసు తులాదండమునందు నిరూపించిన నియమమిదియే. చేయవలసిన పని ఇందువలన తఱుగదు. చేతులతో పైకి లాగవలసినది కాళ్ళతో క్రిందికి త్రొక్కు పనిగా మాఱును, అంతియే. ఆ మార్పుకొఱకే తరతరములు ఏతమునెక్కినవి.

లోతు బావులకు మోట. నీటితోడి తోలుసంచిని లాగునపుడు ఎడ్లు పల్లమునకు నడచునట్లు బాటను వాలుగా త్రవ్వుదురు గనుక, వాని బరువు సైతము లాగుడులో పాలుగొనును. మరలి వచ్చునపుడు ఎగువ కెక్కు కష్టము మాత్రము, మోటను మెచ్చుకొను మనము తలపకున్నను, ఎడ్లు మఱచియుండవు.

మదరాసు ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడైన ఆల్ఫ్రెడ్ చాటర్టన్ చమురు ఇంజనులతో నడచు పంపులకు ప్రచారము సల్పి, ‘లిఫ్ట్ ఇరిగేషన్’ అను గ్రంథమును ప్రకటించెను. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చిన పిమ్మట, డుడుమ జలపాతముకడ పల్లమునకు దుమికెడు నీరే తీగలవెంట బలమై వచ్చి, మైదానపు బావినీటిని మెరకకెక్కింపసాగెను.

అయినను విద్యుత్తునకును లొంగని హద్దొకటి గలదు. పంపు గొట్టములోని పీడనమును తగ్గింపగా, బయటి వాయుపీడనమే నీటిని పైకి నెట్టును. ఆ పీడనము 34 అడుగులకు మించి నెట్టజాలదు, ఆచరణమున 25 అడుగులే గగనము. కావున నీరు అంతకంటె లోతునకు జాఱిన బావులలో, మోటారు ఎంత పెద్దదైనను గట్టుమీద నుంచిన ప్రయోజనము లేదని గ్రహించి, రైతులు పంపునే బావిలోనికి దింపి, నడుమ దిమ్మ కట్టి బిగించుకొనిరి.