కడుపులో బల్ల

"బిడ్డకు కడుపులో బల్ల పెరిగిందంట" అని మా తిరుపతి వైపు పెద్దవాళ్లు అనుకునేవారు. బల్ల అంటే కూర్చునే బల్ల కాదు సుమండీ. ఎడమ డొక్కలో, పక్కటెముకల చాటున ఉండే ప్లీహం వాచి, తడిమితే చెక్కలా గట్టిగా చేతికి తగలడం. ఆయుర్వేదంలో దాని పేరు ప్లీహోదరం.

పల్లెల్లో దానికి వైద్యమంటే వాత! కాల్చిన ఇనప కడ్డీ పసిబిడ్డ పొట్టమీద పెట్టేవాళ్లు. మా అమ్మమ్మకి అలాంటి మచ్చలు మూడుండేవి. "వాత పెట్టాకే బల్ల కరిగింది" అనేది ఆవిడ. జ్వరం తగ్గితే బల్ల మెల్లగా తనే తగ్గుతుంది. పేరు మాత్రం వాతకి వచ్చింది!

అసలు ప్లీహం చేసే పనేమిటి? పాతబడిన, చెడిపోయిన రక్తకణాల్ని జల్లెడపట్టి ఏరెయ్యడం. చలిజ్వరం క్రిమి ఎర్రకణాల్లో చేరితే, వాటిని ఏరలేక ఏరలేక అది వాచిపోతుంది. అంటే బల్ల జబ్బు కాదు, జబ్బుతో పోట్లాడిన గుర్తు. ఆ గుర్తుని కాలిస్తే జబ్బు పోతుందా?

పల్లెలో బల్లకి వాత పెడితే, కచేరీలో నేరమే దానిమీద మోపారు. ఆగ్రాలో ఫుల్లర్ అనే తెల్ల వకీలు, గుర్రాలు చూసే కత్వారూ అనే మనిషిని కొట్టాడు. అతను చనిపోయాడు. వాచిన ప్లీహం పగిలి పోయాడన్నారు. దొరగారికి పడ్డ శిక్ష 30 రూపాయల జుల్మానా. 1876లో వైస్రాయి లిట్టన్ కూడా ఆ తీర్పుని తప్పుపట్టాడు. ఒక ప్రాణం ఖరీదు చూశారా?

మరి దోషి ఎవరు? ఆ సంగతి తేలింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ పొట్టలో చలిజ్వరం క్రిమిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగి దోమకి అణా చొప్పున పుచ్చుకుని ఒళ్లప్పగించి కుట్టించుకున్నాడు. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కి వచ్చింది. ఖాన్‌కి దక్కినవి అణాలే!

కొయినా మందు అంతకుముందే ఉంది. దాన్నిచ్చే సింకోనా తోటలు 1860లలోనే నీలగిరుల్లో వేశారు. జ్వరానికి మందు పడితే బల్లకి వేరే వైద్యం ఎందుకు?

1960లో మా ఊళ్లో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల వచ్చింది. మా ఇంట్లో మా అమ్మ తరం నుంచి వాత మాట వినబడలేదు. అయితే బల్ల మాత్రం చరిత్రలో కలిసిపోలేదు. మలేరియాకే కాదు, టైఫాయిడ్‌కి, కాలేయం చెడితే, తలసీమియాలో, కొన్ని రక్త కేన్సర్లలోనూ ప్లీహం పెరుగుతుంది. డాక్టర్లు రక్తపరీక్ష, స్కానింగ్ చేసి ముందు కారణం వెతుకుతారు, వైద్యం ఆ కారణానికే. ఆపరేషన్ చేసి ప్లీహం తీసెయ్యడం కొందరికే అవసరపడుతుంది. అది లేకపోతే అంటురోగాలు త్వరగా పట్టుకుంటాయి గనక టీకాలు తప్పనిసరి.

పిల్లలకి ఎడమ డొక్క బరువుగా ఉందన్నా, గట్టిగా తగిలినా పసర్లు పూస్తూ కూర్చోకండి. వాచిన ప్లీహం చిన్న దెబ్బకే పగలవచ్చు. డాక్టరు చూసేదాకా గెంతులూ ఆటలూ మాన్పించండి.