కర్నూలు, కడప జిల్లాలలో కంప్యూటర్ ఇంజనీరింగ్ విద్య

కంప్యూటర్ ఇంజనీరింగ్ అనగా కంప్యూటర్ల నిర్మాణమును, వాటిని నడిపించే సాఫ్ట్‌వేరు రచనను బోధించే సాంకేతిక విద్యాశాఖ. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇది ఎక్కువగా కంప్యూటర్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ (సి.ఎస్.ఇ.) అనే పేరుతో నాలుగేళ్ళ బి.టెక్. కోర్సుగా ఉన్నది. వర్షాధారపు సేద్యమే ఎక్కువగా గల కర్నూలు, కడప జిల్లాలలో ఈ చదువు పల్లె బడుల విద్యార్థులకు ఏ మేరకు అందినదన్నది ముఖ్యమైన విషయం. ఈ దృష్టితో చూసినప్పుడు ఇడుపులపాయలోని ట్రిపుల్ ఐటీకి ప్రత్యేక స్థానమున్నది.

చరిత్ర

ఈ ప్రాంతంలో ఇంజనీరింగ్ విద్య మొదట ప్రైవేటు కళాశాలలతో విస్తరించినది. నేతి మిఠాయిల వ్యాపారిగా పేరొందిన జి.పుల్లారెడ్డి ధర్మసంస్థ 1984లో కర్నూలులో ఇంజనీరింగ్ కళాశాలను నెలకొల్పినది. అంతకు మునుపే కడపలో కె.ఎస్.ఆర్.ఎం. కళాశాల ఏర్పడినది. ప్రభుత్వ రంగంలో 2006లో పులివెందులలో జె.ఎన్.టి.యు. కళాశాల, 2008లో ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల ప్రారంభమైనవి. 2008లోనే అనంతపురం కేంద్రంగా ప్రత్యేక జె.ఎన్.టి.యు. ఏర్పడినది. ఈ కళాశాలలలో ప్రవేశానికి రాష్ట్ర ప్రవేశ పరీక్ష (ఎంసెట్, 2021 నుండి ఈఏపీసెట్) వ్రాయవలెను. శిక్షణకు పట్టణం వెళ్ళి చదువుకొనే స్తోమతు లేనివారికి ఈ పరీక్షే పెద్ద అడ్డంకి.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ

రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008 నాటి రాష్ట్ర శాసనం ద్వారా ఏర్పడినది. దీని తొలి మూడు ప్రాంగణాలు బాసర, నూజివీడు, ఇడుపులపాయ. చివరిది కడప జిల్లా వేంపల్లె మండలంలో ఉన్నది, దీనిని ఆర్.కె.వ్యాలీ అని కూడా పిలుస్తారు. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి ఈ విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్. రాష్ట్ర విభజన (2014) తరువాత బాసర తెలంగాణకు చెందినది. 2016లో మంజూరైన ఒంగోలు ప్రాంగణపు తరగతులు కూడా మొదట ఇడుపులపాయలోనే జరిగినవి.

ఇక్కడ ప్రవేశం పదవ తరగతి ఫలితాలను బట్టి లభిస్తుంది, పరీక్ష లేదు. (కరోనా కారణంగా పదవ తరగతి పరీక్షలు రద్దయిన 2020, 2021 సంవత్సరాలలో మాత్రం ప్రవేశ పరీక్ష జరిపారు.) గ్రేడు పాయింట్ల విధానం ఉన్న కాలంలో, వసతి లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మునిసిపల్ పాఠశాలల విద్యార్థులకు 0.4 పాయింట్లు అదనంగా కలిపేవారు. అనగా 9.6 తెచ్చుకున్న జిల్లా పరిషత్ బడి విద్యార్థి, 10 తెచ్చుకున్న ప్రైవేటు పాఠశాల విద్యార్థితో సమానమవుతాడు. అంకె చిన్నదే, కానీ పై స్థానాలలో పోటీ పాయింటులో పదవ వంతుపై నడిచినందున దీని ప్రభావం చిన్నది కాదు.

చదువు మొత్తం ఆరు సంవత్సరాలు. మొదటి రెండేళ్ళు ఇంటర్మీడియట్‌కు సమానమైన పి.యు.సి., తరువాతి నాలుగేళ్ళు బి.టెక్. విద్యార్థులందరూ ప్రాంగణంలోనే నివసించవలెను. తొలి సంవత్సరాలలో ప్రతి విద్యార్థికి ల్యాప్‌టాప్ ఇచ్చి, వీడియో పాఠాల ద్వారా స్వయంగా నేర్చుకొనే పద్ధతిని అనుసరించారు. మొదటి బృందం 2014లో పట్టభద్రులైనది.

అయితే ట్రిపుల్ ఐటీలో చేరినంత మాత్రాన సి.ఎస్.ఇ. లభించదు. బి.టెక్. శాఖను పి.యు.సి. మార్కుల ఆధారంగా కేటాయిస్తారు. కోరిన శాఖ దక్కనివారు సివిల్, మెకానికల్, కెమికల్ వంటి శాఖలలో చేరవలసి ఉంటుంది. పదవ తరగతి తరువాత తప్పిన పోటీ రెండేళ్ళకు మళ్ళీ ఎదురవుతుందన్నమాట.

పాఠ్యాంశాలు, భాష

సి.ఎస్.ఇ.లో ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, డేటాబేస్‌లు, నెట్‌వర్కులు, కంపైలర్ల నిర్మాణం ప్రధానమైనవి. వీటికి పునాది గణితం. తెలుగు మాధ్యమంలో చదివినవారు సమితులు, మాత్రికలు, సంభావ్యత, ప్రమేయాలు అని నేర్చినవే ఇక్కడ సెట్లు, మ్యాట్రిక్సులు, ప్రాబబిలిటీ, ఫంక్షన్లుగా ఎదురవుతాయి. విషయం గట్టిగా వచ్చినవారికి ఇబ్బంది పేర్లతోనే. లెక్కను బట్టీ పట్టినవారికి మాత్రం ఏ భాషలోనైనా మొదటి సంవత్సరం కఠినమే.

కర్నూలు ట్రిపుల్ ఐటీ డి.ఎం.

పేరు సామ్యం వలన ఈ రెండింటినీ ఒకటిగా పొరబడేవారు ఎక్కువ. కర్నూలు శివార్లలోని జగన్నాథగట్టుపై ఉన్న భారతీయ సమాచార సాంకేతిక, రూపకల్పన, ఉత్పాదక సంస్థ కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2015లో ఏర్పడిన ఈ సంస్థ తరగతులు తొలుత తమిళనాడులోని కాంచీపురం ట్రిపుల్ ఐటీ డి.ఎం. ప్రాంగణంలో జరిగి, 2018లో కర్నూలుకు మారినవి. ప్రవేశాలు జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకుల ద్వారా జరుగుతాయి కనుక దేశం నలుమూలల నుండి విద్యార్థులు వస్తారు. పదవ తరగతి మార్కులకు ఇక్కడ పాత్ర లేదు.

ఉపాధి

ఈ రెండు జిల్లాలలో సాఫ్ట్‌వేరు పరిశ్రమ స్వల్పం. పట్టభద్రులు ప్రధానంగా బెంగళూరు, హైదరాబాదులకు వెళతారు. కర్నూలు నుండి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. కడప వైపు వారికి బెంగళూరు దగ్గర.