మందుకు లొంగని న్యుమోనియా

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా నుండగా, అచ్చట బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇదియే మొదటిది. 1948లో ఇది వెలువడినపుడు న్యుమోనియా పీడ విరగడ కాగలదను ఆశ కలిగెను.

కాని సూక్ష్మజీవులన్నియు ఒకే తీరువి కావు. మందు తాకిడికి పెక్కు చచ్చినను, యాదృచ్ఛికముగా మార్పుచెందిన కొన్ని మిగిలి వృద్ధిపొందును. 1977లో దక్షిణాఫ్రికా పిల్లలలో పెనిసిలిన్‌కు, టెట్రాసైక్లిన్‌కు కూడ లొంగని న్యుమోకాకస్ బయటపడెను. సరియైన మందు ఆలస్యమైనచో ఊపిరితిత్తుల చుట్టును చీము చేరవచ్చును; క్రిములు రక్తములో ప్రవేశించి మెదడు పొరలకు ప్రాకవచ్చును.

కావున రోగమును రానీయకుండుటయే మేలు. న్యుమోకాకస్ టీకా 2017లో మన దేశపు టీకాల కార్యక్రమమున ప్రవేశించి, 2021లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినది. శ్రీకాకుళ, విజయనగర మండలములలోని పల్లె బిడ్డలకును ఆరవ, పదునాలుగవ వారములలోను, తొమ్మిదవ నెలలోను దీనిని ఉచితముగా వేయుదురు. జలుబు చేసినంతనే మిగిలిన మాత్రలు మింగింపరాదు. డొక్కలెగురుచున్న బిడ్డను వెంటనే ఆస్పత్రికి చేర్చవలెను. వైద్యుడు చెప్పిన మందును చెప్పినన్ని దినములు వాడవలెను.