భోజన మర్యాదల చరిత్ర: ఐరోపాలో ఫోర్కు

ప్రస్తావన

చేత్తో తినడం మొరటుతనమనీ, ఫోర్కుతో తినడం నాగరికత అనీ చాలామంది అనుకుంటారు. హోటల్లో పక్కబల్ల వారిని చూసి, చేత్తో తినడానికి మొహమాటపడిన అనుభవం మీలో కొందరికి ఉండవచ్చు. ఈ అభిప్రాయానికి చారిత్రక ఆధారం ఉందా? ఐరోపా చరిత్రనే సాక్ష్యంగా తీసుకుని పరిశీలిద్దాం.

ఫోర్కు రాక

మధ్యయుగ ఐరోపాలో రాజులు సైతం చేత్తోనే తినేవారు. మాంసం కోయడానికి కత్తి, ద్రవపదార్థాలకు చెంచా ఉండేవి. 11వ శతాబ్దంలో బైజాంటియం నుంచి వెనిస్‌కు కోడలిగా వచ్చిన ఒక రాజవంశ స్త్రీ బంగారు ఫోర్కుతో తినేదని చెబుతూ, పీటర్ డామియన్ అనే క్రైస్తవ మతాచార్యుడు దానిని విలాసంగా నిందించాడు. అంటే ఆనాడు తప్పుపట్టింది చేతిని కాదు, ఫోర్కునే. తరవాతి శతాబ్దాల్లో ఇటలీలో దాని వాడకం పెరిగింది. 1608లో అక్కడ పర్యటించిన ఆంగ్లేయుడు థామస్ కోరియట్, 1611లో వెలువడిన తన యాత్రాగ్రంథంలో దానిని వింత ఆచారంగా వర్ణించాడు. ఇంగ్లండులో తానూ ఫోర్కు వాడితే ఒక మిత్రుడు పరిహాసమాడాడని రాశాడు.

చేతికీ మర్యాద ఉంది

డచ్ పండితుడు ఎరాస్మస్ 1530లో బాలుర మర్యాదలపై లాటిన్‌లో చిన్న పుస్తకం ప్రచురించాడు. అది ప్రధానంగా చేత్తో తినేవారికి చెప్పిన పాఠం. జిడ్డు వేళ్లను నాకరాదు, దుస్తులకు తుడవరాదు, బల్లమీది గుడ్డకో చేతిగుడ్డకో తుడుచుకోవాలి అన్నాడు. మన పంక్తి భోజనంలోనూ కుడిచేత్తోనే తినడం, ఎంగిలి చెయ్యి వడ్డన పాత్రకు తగలనివ్వకపోవడం వంటి కచ్చితమైన నియమాలు ఉన్నాయి.

మార్పుకు కారణం

ఫోర్కు వ్యాప్తికి పరిశుభ్రతే కారణమనడం సులభం. కాని సూక్ష్మజీవుల వల్ల రోగాలు వస్తాయని శాస్త్రం నిరూపించింది 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో. అప్పటికే ఐరోపాలో ఫోర్కు స్థిరపడింది. నోర్బర్ట్ ఎలియాస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1939లో ఈ విషయాన్ని వివరించాడు. రాజాస్థానాల్లోని కులీనులు తమ ప్రత్యేకతను చాటుకోవడానికి సున్నితమైన అలవాట్లను పెంచుకున్నారు. కింది వర్గాలు వాటిని అనుకరించాయి. క్రమంగా పాత అలవాటు సిగ్గుపడవలసినదిగా మారింది. ఆరోగ్య కారణాలు ఆ తరవాత జోడించినవి.

సారాంశం

భోజన మర్యాద శుచిని మాత్రమే కాదు, మనుషుల మధ్య దూరాన్ని కూడా నిర్ణయిస్తుంది. పంక్తిలో ఎవరు కూర్చోవాలో, ఎవరు బయట నిలబడాలో కులం శాసించిన మన చరిత్రను కూడా ఈ దృష్టితోనే చదవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఫోర్కు వ్యాప్తికి పరిశుభ్రత మూలకారణం కాదనడానికి ఆధారాలేమిటి?