సేవల రూపకల్పనలో ప్రజల భాగస్వామ్యం: చిత్తూరు జిల్లా అనుభవాలు

ప్రభుత్వ పథకాలను ప్రజల కోసం రూపొందించడం ఒక పద్ధతి కాగా, ప్రజలతో కలసి రూపొందించడం మరొక పద్ధతి. మొదటి పద్ధతిలో లబ్ధిదారులు సేవను స్వీకరించే వారు మాత్రమే. రెండవ పద్ధతిలో సమస్యను నిర్వచించడం మొదలుకొని ఫలితాన్ని కొలవడం వరకు వారికి పాత్ర ఉంటుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో విద్య, భూగర్భ జలాలు, సమాచార సాంకేతికత రంగాలలో ఈ రెండవ పద్ధతిని వేర్వేరు కాలాలలో, వేర్వేరు స్థాయిలలో అమలు చేయడం జరిగింది. వాటిలో కొన్ని దేశవ్యాప్త గుర్తింపు పొందగా, మరికొన్ని గడువు ముగిసిన తరువాత బలహీనపడ్డాయి. ఈ అనుభవాలను పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం సంక్షిప్తంగా పొందుపరచడమైనది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో తిరుపతి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. మదనపల్లె ప్రాంతం అదే సమయంలో చిత్తూరు జిల్లా నుండి విడిపోయింది. కనుక ఈ వ్యాసంలో చిత్తూరు జిల్లా అని పేర్కొన్న చోటల్లా నాటి ఉమ్మడి జిల్లాగా గ్రహించవలసి ఉంటుంది.

భూగర్భ జలాల నిర్వహణ: రైతే శాస్త్రవేత్త

దక్షిణ రాయలసీమలో జీవనదులు లేవు. చెరువులు, బావులు, బోరుబావులే వ్యవసాయానికి ఆధారం. జిల్లాలో అధిక భాగం గట్టి రాతి నేల కావడంతో భూమిలో ఇంకే నీరు పరిమితం. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చిన తరువాత నీటిని తోడే ఖర్చు రైతును నియంత్రించే అంశంగా మిగలలేదు. కొత్త బావుల తవ్వకానికి అనుమతి, బావుల నమోదు వంటి నియమాలతో 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) వచ్చింది. అయితే లక్షలాది బోర్లపై నిత్యం పర్యవేక్షణ ఏ శాఖకైనా కష్టసాధ్యమే. ఒక రైతు బోరు ఎండిపోతే మరింత లోతుగా మరొకటి వేయడం, అందుకు అప్పు చేయడం, అదీ ఎండిపోవడం ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలను కుంగదీసిన క్రమం.

ఈ నేపథ్యంలో రైతు నిర్వహణలో భూగర్భ జల వ్యవస్థల పథకం (ఏ.పి.ఎఫ్.ఏ.ఎం.జి.ఎస్.) 2003లో ప్రారంభమైంది. నెదర్లాండ్స్ ప్రభుత్వ ఆర్థిక సహాయంతో మొదలైన ఈ పథకానికి 2004 నుండి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటునందించింది. చిత్తూరు, అనంతపురం, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలలో స్వచ్ఛంద సంస్థల ద్వారా ఇది అమలైంది. 1995 నుండి 2003 వరకు సన్నకారు, చిన్నకారు రైతులకు సామూహిక బోరుబావులు సమకూర్చిన ఏపీవెల్ పథకం దీనికి పూర్వరంగం. బోర్లు వేయడం కన్నా వేసిన బోర్లలో నీరు నిలిచేలా చూడడం ముఖ్యమన్న అవగాహన ఆ అనుభవం నుండే కలిగింది.

అమలు విధానం

ఈ పథకంలో రైతులకు రాయితీలు గాని, ఆంక్షలు గాని లేవు. రైతులకు సమకూర్చినది పరికరాలు, శిక్షణ మాత్రమే. ఒకే జలధార పరిధిలోని గ్రామాలను ఒక యూనిట్‌గా గుర్తించి, ఆవాసం స్థాయిలో భూగర్భ జల నిర్వహణ కమిటీలను, యూనిట్ స్థాయిలో వాటి సమాఖ్యను ఏర్పాటు చేయడం జరిగింది. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన స్త్రీ, పురుష రైతులు ఈ క్రింది పనులు నిర్వహించారు.

- గ్రామంలోని వర్షమాపకంలో రోజువారీ వర్షపాతాన్ని నమోదు చేయడం.
- ఎంపిక చేసిన పరిశీలక బావులలో పదిహేను రోజులకొకసారి నీటిమట్టాన్ని కొలవడం.
- డ్రమ్ము, స్టాప్‌వాచ్ సహాయంతో బోరు నుండి వచ్చే నీటి పరిమాణాన్ని లెక్కించడం.
- సేకరించిన వివరాలను గ్రామ కూడలిలోని బోర్డుపై అందరికీ కనిపించేలా వ్రాయడం.

రబీ పంట కాలానికి ముందు జరిగే పంట నీటి బడ్జెట్ సమావేశం ఈ విధానానికి గుండెకాయ వంటిది. కురిసిన వర్షాన్ని బట్టి భూమిలోకి ఎంత నీరు చేరిందో, అందులో ఎంత వాడుకోవచ్చో ముందుగా అంచనా వేస్తారు. తరువాత ఏ రైతు ఏ పంట ఎన్ని ఎకరాలలో వేయదలచుకున్నదీ నమోదు చేసి, అందుకు కావలసిన నీటిని లెక్కకడతారు. లోటు తేలితే ఆ సంగతి అందరి ఎదుట స్పష్టమవుతుంది. ఏ పంట వేయాలన్న నిర్ణయం మాత్రం రైతుదే. పంట కాలం ముగిసిన తరువాత వాస్తవంగా వేసిన పంటలను సర్వే చేసి బడ్జెట్‌తో సరిపోల్చుతారు.

ఈ లెక్క ప్రాధాన్యాన్ని ఒక ఉదాహరణ ద్వారా గ్రహించవచ్చు. ఒక ఎకరంలో ఒక మిల్లీమీటరు లోతు నీరు అంటే సుమారు 4,047 లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు, వేరుశనగకు 500 మిల్లీమీటర్లు అవసరమని స్థూలంగా అంచనా వేసుకుంటే, ఎకరం వరికి దాదాపు 48.6 లక్షల లీటర్లు, ఎకరం వేరుశనగకు దాదాపు 20.2 లక్షల లీటర్లు కావాలి. అంటే ఒక ఎకరం వరికి పట్టే నీటితో రెండు ఎకరాలకు పైగా వేరుశనగ పండించవచ్చు. ఈ విషయాన్ని అధికారి చెప్పినప్పటి కన్నా, తన బావిలో తానే కొలిచిన అంకెలతో రైతు తెలుసుకున్నప్పుడు కలిగే నమ్మకం ఎక్కువ.

శిక్షణ కూడా ఉపన్యాసాల రూపంలో కాక, రైతు నీటి బడుల రూపంలో సాగింది. రైతులు పదిహేను రోజులకొకసారి పొలంలోనే సమావేశమై ప్రయోగాల ద్వారా నేర్చుకున్నారు. ఆ విధంగా నేర్చుకున్న వారే తరువాత తోటి రైతులకు బోధకులయ్యారు.

ఫలితాలు, పరిమితులు

ప్రపంచ బ్యాంకు 2010లో భారతదేశ భూగర్భ జలాలపై వెలువరించిన నివేదికలో ఈ ప్రయోగాన్ని ప్రముఖంగా ప్రస్తావించింది. సామూహిక ఆంక్షలు లేకుండా, సమాచారం ఆధారంగా రైతులు వ్యక్తిగతంగా తీసుకున్న నిర్ణయాల ద్వారానే నీటి వాడకం తగ్గే అవకాశం ఉందని అది గుర్తించింది.

అయితే పథకం ముగిసిన తరువాత ఐ.డబ్ల్యు.ఎం.ఐ.-టాటా కార్యక్రమం తరఫున పరిశోధకులు జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. బయటి తోడ్పాటు ఆగిన తరువాత సామూహిక కార్యకలాపాలు పలుచోట్ల సన్నగిల్లాయని, ఫలితాలపై గల అంచనాలను పునఃపరిశీలించవలసి ఉందని అది పేర్కొన్నది. ప్రజలకు నైపుణ్యం అందించడంతో పని ముగియదని, పరికరాల మరమ్మతు, సమావేశాల నిర్వహణ వంటి చిన్న ఖర్చులకు శాశ్వత ఏర్పాటు అవసరమని దీనిని బట్టి బోధపడుతుంది.

గ్రామ స్థాయి నీటి బడ్జెట్ అన్న భావన మాత్రం నిలిచింది. 2019 డిసెంబరులో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ అటల్ భూజల్ యోజనలో ఏడు రాష్ట్రాల గ్రామ పంచాయతీలకు నీటి బడ్జెట్ తయారీని నిర్దేశించడం జరిగింది. ఆ ఏడు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ లేదు.

కుప్పం ఐ-కమ్యూనిటీ

2002 ఫిబ్రవరిలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలసి కుప్పంలో మూడేళ్ల కాలపరిమితితో ఐ-కమ్యూనిటీ కార్యక్రమాన్ని ప్రారంభించాయి. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులను ఆనుకొని ఉన్న నాటి కుప్పం నియోజకవర్గంలో మూడు లక్షలకు పైగా జనాభా ఉండేది. స్థానిక వ్యక్తుల నిర్వహణలో సమాచార కేంద్రాలను నెలకొల్పి, ప్రభుత్వ సమాచారాన్ని, ఇతర సేవలను గ్రామాలకు అందించడం ఈ కార్యక్రమ లక్ష్యం.

స్వయం సహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో పనిచేసే ప్రింటర్లు సమకూర్చి గ్రామ ఫొటోగ్రాఫర్లుగా తీర్చిదిద్దడం ఇందులో చెప్పుకోదగిన అంశం. విద్యుత్తు లేని చోట కూడా పనిచేసే పరికరం కావాలన్న అవసరం క్షేత్రం నుండే తెలియవచ్చింది. ఈ అనుభవాలను సంస్థ ఉన్నతాధికారి డెబ్రా డన్, కీత్ యమషిటా 2003 ఆగస్టులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వివరించారు. సంస్థ వ్యాపార లక్ష్యాలకు, గ్రామాభివృద్ధి లక్ష్యాలకు మధ్య గల వైరుధ్యాలను 2008లో ఆంకె ష్విట్టే అనే పరిశోధకురాలు చర్చించారు. నిర్ణీత గడువుతో వచ్చే భాగస్వామి వెళ్లిపోయిన తరువాత సేవను ఎవరు నడపాలన్నది మొదటి రోజునే తేల్చుకోవలసిన ప్రశ్న అని ఈ ప్రయోగం తెలియజేస్తున్నది.

రిషివ్యాలీ గ్రామీణ పాఠశాలలు

మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెలలో ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతులు బోధించే పాఠశాలలను నిర్వహించింది. పాఠ్యపుస్తకానికి బదులుగా చిన్న చిన్న కార్డులు, పిల్లవాడు తన వేగంతో ఎక్కే 'అభ్యసన నిచ్చెన' ఇక్కడ రూపుదిద్దుకున్నాయి. గ్రామ యువకులే ఉపాధ్యాయులుగా శిక్షణ పొంది, స్థానిక కథలు, వస్తువుల ఆధారంగా సామగ్రి తయారీలో పాలుపంచుకోవడం దీని ప్రత్యేకత. పిల్లలు గ్రామస్థుల ఎత్తు, బరువు కొలిచి లెక్కలు కట్టే మెట్రిక్ మేళాలు తల్లిదండ్రులను బడికి చేరువ చేశాయి.

1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోటె తాలూకా ఉపాధ్యాయులు ఈ పాఠశాలలను సందర్శించి, తమ అవసరాలకు అనుగుణంగా 'నలి-కలి' విధానాన్ని రూపొందించుకున్నారు. 2003లో చెన్నై నగరపాలక సంస్థ పాఠశాలలు ఇదే స్ఫూర్తితో కృత్యాధార బోధనను చేపట్టగా, తరువాత అది తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ విస్తరించింది. మూడు అనుభవాలలోనూ ఎక్కువ దూరం ప్రయాణించినది ఇదే. నమూనాను యథాతథంగా స్వీకరించక, ఆయా ప్రాంతాల ఉపాధ్యాయులు తమదిగా మలచుకొనడమే ఇందుకు ప్రధాన కారణంగా చెప్పవచ్చు.

అభిప్రాయ సేకరణ, సహ రూపకల్పన వేర్వేరు

తిరుమల తిరుపతి దేవస్థానములు నిర్వహించిన 'డయల్ యువర్ ఈఓ' కార్యక్రమంలో భక్తులు ఫోన్ ద్వారా నేరుగా కార్యనిర్వహణాధికారికి ఫిర్యాదులు, సూచనలు తెలియజేశారు. 2000లో ప్రారంభమైన శ్రీవారి సేవ ద్వారా భక్తులే స్వచ్ఛంద సేవకులుగా సేవలందిస్తున్నారు. మొదటిది వినడం, రెండవది శ్రమలో పాలుపంచుకోవడం. ఈ రెండూ విలువైనవే. అయితే సేవ ఏ విధంగా ఉండాలో నిర్ణయించే సమయంలోనే వినియోగదారులకు స్థానం కల్పించడాన్ని సహ రూపకల్పన అంటారు. నివేదికలలో ఈ తేడాను పాటించడం అవసరం.

చట్టపరమైన ఆధారాలు

- 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం ద్వారా నీటి వినియోగదారుల సంఘాలకు కాలువల నిర్వహణలో పాత్ర లభించింది.
- సమాచార హక్కు చట్టం-2005, సెక్షన్ 4(1)(బి)(vii) ప్రకారం, విధాన రూపకల్పనలోను, అమలులోను ప్రజలను సంప్రదించేందుకు గల ఏర్పాట్ల వివరాలను ప్రతి ప్రభుత్వ కార్యాలయం స్వయంగా వెల్లడించాలి.
- అదే చట్టం సెక్షన్ 4(1)(సి) ప్రకారం, ప్రజలపై ప్రభావం చూపే ముఖ్య విధానాలను రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నింటినీ ప్రచురించాలి.

పరిశీలించవలసిన అంశాలు

ఏ పథకాన్నయినా ప్రజల భాగస్వామ్యంతో రూపొందించినదిగా ప్రకటించేటప్పుడు అధికారులు, దానిపై వార్త వ్రాసేటప్పుడు పాత్రికేయులు ఈ క్రింది అంశాలను పరిశీలించవచ్చు.

1. సమస్యను నిర్వచించిన దశలో వినియోగదారులు ఉన్నారా, లేక తయారైన పథకంపై అభిప్రాయం మాత్రమే కోరారా?
2. మహిళలు, కౌలు రైతులు, బోరు లేని రైతులు వంటి వారికి సమావేశంలో స్థానం లభించిందా?
3. సేకరించిన సమాచారం గ్రామస్థులకు అర్థమయ్యే భాషలో, బహిరంగ ప్రదేశంలో అందుబాటులో ఉన్నదా?
4. ప్రజల సూచన వలన పథకంలో మారిన అంశం కనీసం ఒక్కటైనా చూపగలరా?
5. నిధుల గడువు ముగిసిన తరువాత నిర్వహణ బాధ్యత, ఖర్చు ఎవరివి?

పై అంశాలలో చివరిది అన్నింటికన్నా కీలకమైనది. వర్షమాపకం తుప్పు పట్టిన గ్రామంలో కూడా నీటి లెక్క తెలిసిన రైతులు ఉన్నారు. వారి అనుభవాన్ని నేటి పథకాలకు వినియోగించుకోవడం క్రొత్త వ్యయం అంతగా అవసరం లేని పని.